కుట్ల లెక్కలో కుక్క

అరచేతిలో ఇమిడే ఊలు కుక్కను ఒకదాన్ని మనసులోకి తెచ్చుకోండి. ఎత్తు 5 సెంటీమీటర్లు. క్రోషియా సూదితో అల్లింది. దాన్ని మనకు వీపు చూపిస్తున్నట్టుగా బల్ల మీద నిలబెట్టారు. కళ్లు కనబడవు, ముక్కు కనబడదు. అయినా కుక్కల సంగతి తెలిసినవాళ్లు వెనకనుంచి ఒక్క చూపు చూసి ఇది లాబ్రడార్ అనో, ఇది గ్రేహౌండ్ అనో చెప్పేస్తారు. ఆ పోలిక ఎక్కడినుంచి వచ్చింది? బొచ్చులాంటి ఊలువల్ల అంటారు కొందరు. గాజు కళ్లవల్ల అంటారు ఇంకొందరు. వెనకనుంచి చూసినవాడికి కళ్లు కనబడలేదు కదా. పైగా లాబ్రడార్‌నీ గ్రేహౌండ్‌నీ ఒకే ఊలుతో అల్లినా అతను తేడా పట్టేస్తాడు. ఆ పోలిక కుట్ల లెక్కలో ఉందని నేను అనుకుంటున్నాను. ఏ చుట్టులో ఎన్ని కుట్లు పెంచాలి, ఎక్కడ తగ్గించాలి, పొట్టవైపు తగ్గించాలా వీపువైపు తగ్గించాలా అన్న నిర్ణయాల్లో ఉంది. ఆ నిర్ణయాలు తీసుకున్న మనిషి చేసింది చదువుతో సమానమైన పని. దాన్ని కాలక్షేపం అనడం తప్పు. ఇంతమంది చేతుల్లో క్రోషియా సూది ఆడే తెలుగు నేల మీద ఈ మాట కాస్త గట్టిగా చెప్పుకోవాలని ఈ ప్రసంగం.

ముందు అల్లిక సంగతి చూద్దాం. రెండు సూదులతో స్వెట్టర్ అల్లేటప్పుడు వరసలోని కుట్లన్నీ సూది మీద తెరుచుకునే ఉంటాయి. ఒకటి జారితే కింది వరసలు కూడా జారిపోతాయి. క్రోషియాలో అలా కాదు. ఒక్కో కుట్టు పూర్తయ్యేసరికి కొక్కెం మీద ఒకే ఒక్క ఉచ్చు మిగులుతుంది. ఒక కుట్టు పూర్తిగా ముడిపడ్డాకే రెండోది మొదలవుతుంది. అందువల్ల ఎక్కడైనా ఆగవచ్చు, ఏ దిక్కుకైనా తిరగవచ్చు, అల్లిన ముక్క మధ్యలోంచి కొత్త కొమ్మ తీయవచ్చు. గుడ్డకన్నా బొమ్మకు ఈ అల్లిక అందుకే బాగా నప్పుతుంది. ఇక ఆకారం. 6 కుట్లతో చిన్న వలయం మొదలుపెడతారు. రెండో చుట్టులో ప్రతి కుట్టులోనూ రెండేసి వేస్తే 12, మూడో చుట్టుకు 18. అలా చుట్టుకు ఆరేసి పెంచుకుంటూ పోతే అల్లిక పళ్లెంలా బల్లపరుపుగా పరుచుకుంటుంది. ఆరే ఎందుకు? వృత్తం వ్యాసార్ధం ఒక కుట్టు ఎత్తు మేరకు పెరిగితే, చుట్టుకొలత దానికి సుమారు 6.28 రెట్లు పెరగాలి. చిన్న కుట్టు ఎత్తూ వెడల్పూ ఇంచుమించు సమానం కాబట్టి ఆరు కుట్లు ఆ ఖాళీని నింపుతాయి. బడిలో పై (π) విలువ కంఠతా పట్టని అమ్మమ్మలు కూడా బల్ల మీది గుడ్డను ముడత లేకుండా అల్లారంటే, ఈ సూత్రం వాళ్ల వేళ్లకు తెలుసన్నమాట. పెంచడం ఆపేస్తే అంచు గిన్నెలా పైకి లేస్తుంది. అదే సంఖ్యతో కొనసాగిస్తే గొట్టం అవుతుంది. తగ్గించుకుంటూ పోతే మూసుకుపోతుంది. ఆరుకు బాగా మించి పెంచితే అంచు కుచ్చిళ్లు పడి అలలు తిరుగుతుంది.

ఈ చివరిది మామూలుగా తప్పు కింద లెక్క. ఊడదీసి మళ్లీ అల్లమంటారు. లాత్వియా నుంచి వచ్చి అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన డైనా టైమినా 1997లో ఆ తప్పునే పట్టుకున్నారు. ప్రతి వరసలోనూ ఒకే నిష్పత్తిలో కుట్లు పెంచుతూ అల్లితే, గణితవేత్తలు సమీకరణాల్లో తప్ప చేత్తో పట్టుకుని చూపించడానికి ఇబ్బందిపడిన హైపర్‌బోలిక్ తలం ఒళ్లోకి వస్తుందని ఆమె చూపించారు. అంతకుముందు కాగితం ముక్కలు అతికించి చేసిన నమూనాలు చేతుల్లో నలిగి చిరిగిపోయేవి. ఆమె అల్లిన నమూనా మాత్రం విద్యార్థులు మడిచినా తిప్పినా చెక్కుచెదరలేదు. తర్వాత 2005లో మార్గరెట్, క్రిస్టీన్ వర్ట్‌హైమ్ అనే అక్కచెల్లెళ్లు అదే సూత్రంతో ఊలు పగడపు దిబ్బలు అల్లించడం మొదలుపెట్టారు. కుక్కకూ దీనికీ ఏమిటి సంబంధం అంటారా? హైపర్‌బోలిక్ తలం గుర్రపు జీనులా ఒకవైపు పైకీ ఇంకోవైపు కిందికీ వంగి ఉంటుంది. కుక్క మెడ భుజంలో కలిసేచోట, నుదురు మూతిలోకి దిగేచోట, తొడ పొట్టను తాకేచోట ఉన్నది ఆ జీను వంపే. బంతులూ గొట్టాలూ విడివిడిగా అల్లి సూదితో కలిపి కుట్టేస్తే అక్కడ గాడి పడుతుంది. చూసేవాడికి అతుకు కనబడి, ఇది బొమ్మ అని తెలిసిపోతుంది. ఆ చోట్లలో కుట్లు పెంచి, అల్లికను ఒక శరీరభాగంలోంచి ఇంకో భాగంలోకి నడిపించగలిగితే అతుకు మాయమై ఒళ్లు వస్తుంది. కార్నెల్ తరగతి గదిలో ఉపయోగపడిన జ్ఞానం, ఊలు కుక్క మెడ దగ్గర ఉపయోగపడే జ్ఞానం వేరు కావు.

ఇప్పుడు కుక్క దగ్గరికి వద్దాం. కుక్క వెనకకాలును చూసి చాలామంది మోకాలు వెనక్కి వంగింది అనుకుంటారు. ఆ వంగిన కీలు మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పైన, పొట్ట పక్కన, చర్మంలో సగం దాగి ఉంటుంది. కుక్క మనలా అరికాలు మొత్తం ఆనించి నడవదు, వేళ్ల మీద నడుస్తుంది. ఈ ఒక్క సంగతి తెలియక అల్లిన బొమ్మల కాళ్లు బల్ల కోళ్లలా నిలబడతాయి. తెలిసి అల్లితే పని తేలికవుతుంది. ఎందుకంటే ఊలు అల్లేవాళ్లకు మడమ తిప్పడం కొత్త కాదు. మేజోడు అల్లేటప్పుడు వెనకవైపు మాత్రమే అటూ ఇటూ కొన్ని చిన్న వరసలు వేసి మడమకు చోటిస్తారు. కుక్క కాలికీ అదే ఉపాయం. అక్కడ ఉన్నది నిజంగానే మడమ కనుక ఆ ఉపాయం అతికినట్టు సరిపోతుంది. ఇక ఛాతీ, నడుము. గ్రేహౌండ్‌కు లోతైన ఛాతీ, వీపుకు అంటుకుపోయినట్టుండే పొట్ట. ఛాతీ దగ్గర 36 కుట్లు ఉన్నాయనుకుందాం. నడుము దగ్గరికి 22కు రావాలి. ఆ 14 కుట్లనూ చుట్టూ సమంగా తగ్గిస్తే సీసా వస్తుంది. అవే 14 కుట్లను పొట్టవైపు మాత్రమే తగ్గిస్తే వీపు గీత చెదరకుండా పొట్ట పైకి లేస్తుంది, వేటకుక్క వస్తుంది. కుట్లూ అవే, ఊలూ అదే. మారింది స్థానం ఒక్కటే. ఇంకో చిక్కు కూడా ఉంది. చుట్టులు ఆపకుండా సుడిలా అల్లుకుపోయేటప్పుడు కుట్లు ఒకదాని మీద ఒకటి నిట్టనిలువుగా కూర్చోవు, చుట్టు చుట్టుకూ కాస్త పక్కకు జరుగుతాయి. తోకనుంచి మెడదాకా వచ్చేసరికి వెన్నెముక గీత ప్రక్కటెముకల మీదికి వెళ్లిపోతుంది. రూపకర్త ఆ జరుగుడును ముందే లెక్కగట్టి, తగ్గించే కుట్టు స్థానాన్ని ఎప్పటికప్పుడు సర్దుకోవాలి. ఈ సర్దుబాటు బయటికి కనిపించదు. కుక్క తిన్నగా నిలబడింది అని మాత్రమే కనిపిస్తుంది.

తల దగ్గర లెక్క ఇంకా సున్నితం. కుక్కల పుర్రెలను పొడుగువి, మధ్యరకం, పొట్టివి అని మూడు తరగతులుగా చెబుతారు. గ్రేహౌండ్ మొదటిది, లాబ్రడార్ రెండోది, పగ్ మూడోది. నుదురు మూతిలోకి దిగేచోట ఉండే వంపు కోలీకి దాదాపు చదును, బాక్సర్‌కు నిటారు, బుల్ టెరియర్‌కు అసలు లేదు, దాని తల గుడ్డులా ఉంటుంది. ఈ తేడాలన్నీ రెండు మూడు చుట్లలో తేల్చాలి. ఎందుకంటే చోటు లేదు. బొమ్మరిళ్లు చేసేవాళ్లు వాడే కొలత ఒకటికి పన్నెండు. భుజం దగ్గర 56 సెంటీమీటర్ల ఎత్తుండే లాబ్రడార్ ఆ కొలతలో 5 సెంటీమీటర్లకు కాస్త తక్కువ తేలుతుంది. మామూలు స్వెట్టర్ ఊలుతో ఒక్కో కుట్టు 5 మిల్లీమీటర్లు వస్తుందనుకుంటే, నిజం కుక్క ఒంటి మీద అది 6 సెంటీమీటర్లకు సమానం. అంటే కన్ను, కనుబొమ, మూతి వంపు అన్నీ ఒకే కుట్టులో మునిగిపోతాయి. సన్నని దారంతో మిల్లీమీటరు కొక్కెం పట్టుకుని, కుట్టును మిల్లీమీటరుకు దించితే అప్పుడది నిజం కుక్క ఒంటి మీద 12 మిల్లీమీటర్లకు సమానమవుతుంది. మూతి వంపు చెప్పడానికి రెండు మూడు కుట్లు దొరుకుతాయి. చిన్న బొమ్మ కదా, తక్కువ పని అనుకోవడం ఎంత పొరపాటో ఇక్కడ తెలుస్తుంది. బొమ్మ చిన్నదయ్యేకొద్దీ ఒక్కో కుట్టు మీద పడే బరువు పెరుగుతుంది.

లెక్క సరే, బొచ్చు సంగతేమిటి అని అడగవచ్చు. బొచ్చు కూడా చాలామంది అనుకున్నంత గందరగోళం కాదు. 2009లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 80 జాతులకు చెందిన వెయ్యికి పైగా కుక్కలను పరిశీలించి, వాటి బొచ్చులోని వైవిధ్యంలో అత్యధిక భాగానికి మూడంటే మూడు జన్యువులు కారణమని తేల్చారు. ఎఫ్‌జీఎఫ్5 పొడవును నిర్ణయిస్తుంది. కేఆర్‌టీ71 ఉంగరాలు తిప్పుతుంది. ఆర్‌ఎస్‌పీఓ2 మీసాలూ, గుబురు కనుబొమలూ, గరుకు బొచ్చూ ఇస్తుంది. మూడింటి మార్పులూ లేని బాసెట్ హౌండ్‌ది పొట్టి నున్నని బొచ్చు. పొడవు మార్పు ఒక్కటే ఉన్నది గోల్డెన్ రిట్రీవర్. మూడూ కలిస్తే బిషాన్ ఫ్రీజే. ప్రకృతి కూడా కొద్దిపాటి నియమాలతోనే ఇన్ని రకాలు చేసిందన్నమాట. ఊలు దగ్గర కూర్చున్న రూపకర్తకు ఇది అక్షరాలా పనికొచ్చే సమాచారం. పొట్టి బొచ్చుకు బిగువుగా వడికిన సన్నని మెరినో ఊలు, దాన్ని దువ్వకూడదు. పొడవు బొచ్చుకు అంగోరా మేక ఊలు, అంటే మోహేర్, అల్లాక తీగల బ్రష్‌తో దువ్వాలి. నిజం కుక్కలను దువ్వే బ్రష్‌నే ఇక్కడ వాడతారు. ఉంగరాల బొచ్చుకు బూక్లే అనే చుట్టల ఊలు, లేదా ప్రతి కుట్టులోనూ ఉచ్చు వదిలే అల్లిక. మీసాలకు విడి పోగులు ముడివేయడం.

ఈ తేడాలు ఊలు నిర్మాణంలోనే ఉన్నాయి. గొర్రె ఊలు పోగు మీద చేప పొలుసుల్లాంటి పొలుసులు ఉంటాయి. వేడినీళ్లు, సబ్బు, రాపిడి తగిలితే అవి ఒకదానికొకటి చిక్కుకుని గట్టిపడతాయి. ఊలును ఒత్తి చేసే నమ్దా తయారయ్యేది అలాగే. మోహేర్ పొలుసులు చదునుగా అణిగి ఉంటాయి కనుక వెలుగు తిరిగి మెరుస్తుంది, సులభంగా ఉండకట్టదు. సెట్టర్ చెవుల మెరుపుకు మోహేర్, బురదలో పొర్లివచ్చినట్టుండే గరుకు టెరియర్‌కు ముతక గొర్రె ఊలు అని ఎంచుకోవడం అందుకే. తెలంగాణలో కురుమలు గొంగడి నేసే దక్కనీ గొర్రె ఊలు మెత్తని స్వెట్టర్‌కు పనికిరాదని పక్కన పెడుతుంటారు. ముతకగా, నలుపుగా, వెంట్రుకలాగే ఉండే ఆ ఊలు గరుకు బొచ్చు కుక్కకు ఎంత బాగా కుదురుతుందో ఆలోచించండి. అయితే ఒక హెచ్చరిక అవసరం. దువ్వినప్పుడు లేచిన బొచ్చు కుట్లను కప్పేస్తుంది. తప్పులు కప్పబడిపోతాయన్న ధైర్యంతో లెక్క సరిగా చూసుకోనివాళ్లు దువ్వుతారు. కానీ బొచ్చు ఆకారాన్ని లావెక్కిస్తుంది. ఒళ్లు ముందే సరైన కొలతలో అల్లితే దువ్వాక కుక్క ఉబ్బిపోతుంది. బొచ్చు మందాన్ని ముందే తీసేసి, లోపలి ఒంటిని సన్నగా అల్లాలి. కాబట్టి బొచ్చు దగ్గర కూడా తప్పించుకోలేనిది లెక్కే.

ఇక అభ్యంతరాలు. మొదటిది బలమైనదే. బొమ్మకు కావలసింది ముద్దుగా ఉండటం, అచ్చంగా ఉండటం కాదు కదా అంటారు. జపాన్ నుంచి వచ్చిన అమిగురుమి పద్ధతిలో పెద్ద తల, చిన్న ఒళ్లు, చుక్కల్లాంటి కళ్లతో అల్లిన జంతువులను ప్రపంచమంతా ప్రేమించింది. దానికి కారణం కూడా ఉంది. కాన్రాడ్ లోరెంజ్ 1943లోనే చెప్పారు, పెద్ద నుదురు, గుండ్రని బుగ్గలు, పెద్ద కళ్లు పసిబిడ్డ గుర్తులని, అవి కనబడితే మనలో పెంచాలన్న భావం లేస్తుందని. ఆ బొమ్మలు నాకూ ఇష్టమే. వాటిని తగ్గించి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. కానీ ఆ పద్ధతిలో కుక్క, పిల్లి, ఎలుగుబంటి తలలు ఇంచుమించు ఒకే బంతి. చెవులు మారిస్తే జంతువు మారుతుంది. అక్కడ ప్రేమ పుట్టేది బిడ్డ గుర్తులకు, ఆ జంతువుకు కాదు. అచ్చమైన కుక్కను అల్లేవాళ్లు ఆ దగ్గరిదారిని వదులుకుని, కుక్కకు కుక్కగా ఉన్నదాన్ని వెతకాలి. అందులో ముద్దుదనం లేకుండా పోదు. 2019లో జూలియన్ కమిన్‌స్కీ బృందం ప్రచురించిన పరిశోధనలో, కనుబొమ లోపలి కొసను పైకెత్తే కండరం కుక్కల్లో చక్కగా ఏర్పడి ఉందనీ, తోడేళ్లలో అది అలా లేదనీ తేలింది. మనుషులతో కలిసి బతికిన వేల ఏళ్లలో కుక్క ముఖంలోకి వచ్చిన మార్పు అది. మనల్ని కరిగించే ఆ జాలి చూపు కళ్ల పరిమాణంలో లేదు, కంటి పైన లోపలివైపు ఉన్న చిన్న ఎత్తులో ఉంది. ఊలు కుక్కలో అది ఒకే ఒక్క కుట్టు. కంటికి పైన, ముక్కువైపు ఆ కుట్టు బిగిస్తే కుక్క ఏదో అడుగుతున్నట్టు ఉంటుంది. బయటి కొసవైపు బిగిస్తే చూపు మారిపోతుంది.

రెండో అభ్యంతరం యంత్రానిది. ఫొటో తీయవచ్చు, కుక్కను అన్ని వైపులా స్కాన్ చేసి త్రీడీ ప్రింటర్‌లో వెంట్రుకవాసి తేడా లేకుండా అచ్చు తీయవచ్చు, మరి ఈ తంటాలెందుకు అని. అచ్చమైన పోలిక అంటే వివరాలన్నీ ఉండటమే అని అనుకున్నప్పుడు పుట్టే ప్రశ్న ఇది. ఇరాక్‌లోని నినెవే శిథిలాల్లో, అషుర్‌బనిపాల్ చక్రవర్తి ఉత్తర ప్రాసాదంలో, గుమ్మం కింద పాతిపెట్టిన అయిదు చిన్న మట్టి కుక్కలు దొరికాయి. క్రీస్తుకు పూర్వం 7వ శతాబ్దానివి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. చెడును తరిమేది, గట్టిగా మొరిగేది అన్న అర్థాలొచ్చే పేర్లు వాటి మీద చెక్కి ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో రంగు పూశారు. పనితనం మోటు. చిన్న వివరాలు చాలావరకు లేవు. అయినా బరువైన తల, మందమైన మెడ చూడగానే అవి కాపలాకు పెంచే భారీ కుక్కలని తెలిసిపోతుంది. ఇరవై ఆరు శతాబ్దాలు దాటినా ఆ పోలిక చెడలేదు. ఏది వదిలేయాలో తెలిసిన చేయి చేసిన పోలిక అది. ప్రింటర్‌కు వదిలేయడం తెలియదు, చెప్పిన బిందువులన్నీ పెడుతుంది. మూతికి పది కుట్లే దొరికిన మనిషి మాత్రం ఈ కుక్కలో నిజంగా ముఖ్యమైనది ఏది అని తేల్చుకోక తప్పదు. ఇంకో విషయం, యంత్రాలు స్వెట్టర్లు అల్లగలవు కానీ నిజమైన క్రోషియాను మార్కెట్ కోసం అల్లే యంత్రం ఇప్పటికీ లేదు. దుకాణాల్లో క్రోషియాలా కనిపించే యంత్రపు గుడ్డ వేరే రకం అల్లిక. క్రోషియా కుక్క ఎక్కడ కనిపించినా దాని వెనక ఒక మనిషి కూర్చుని ఉన్నట్టే.

ఆ మనిషి ఎవరన్నది మూడో అభ్యంతరంలోకి తీసుకెళ్తుంది. లెక్క కాగితం మీద రాసి ఉంటుంది, చూసి అల్లేవాళ్ల గొప్ప ఏముంది అన్నది ఆ అభ్యంతరం. ఒకే కాగితం ఇద్దరికిస్తే ఇద్దరి చేతి బిగువునుబట్టి రెండు పరిమాణాల కుక్కలు వస్తాయి. అల్లేవాళ్లు ప్రతి చుట్టులోనూ సర్దుకుంటూనే ఉంటారు. కానీ ఈ జవాబుతో నేను తృప్తిపడను. చూసి అల్లడానికీ, లెక్క కట్టడానికీ తేడా నిజంగానే ఉంది. నా ప్రశ్న, ఆ తేడా ఎవరు దాటారు, ఎవరిని దాటనివ్వలేదు అన్నది. ఇంగ్లండ్‌లో శాలీ ముయిర్, జొయానా ఓస్‌బోర్న్ అనే ఇద్దరు అల్లిక దుస్తుల రూపకర్తలు 2010లో కుక్కలను జాతులవారీగా అల్లుకునే పద్ధతుల పుస్తకం తెచ్చారు. వాళ్లవి రెండు సూదుల అల్లిక, క్రోషియా కాదు. అయినా మన చర్చకు దగ్గరి ఉదాహరణ. యువరాణి డయానా 1981లో వేసుకోగా పేరుకెక్కిన, తెల్ల గొర్రెల మధ్య ఒక్క నల్ల గొర్రె ఉన్న ఎర్ర స్వెట్టర్ కూడా వాళ్ల చేతిదే. దుస్తుల్లో నేర్చిన లెక్కను వాళ్లు కుక్కల మీదికి తిప్పారు. పుస్తకం అట్ట మీద వాళ్ల పేర్లున్నాయి. లెక్క కట్టినవాళ్లు కర్తలని ఆ దేశంలో ఎవరికీ సందేహం రాలేదు.

నరసాపురం వైపు చూడండి. పశ్చిమ గోదావరి పల్లెల్లోకి లేసు అల్లిక 19వ శతాబ్దంలో మిషనరీలతో వచ్చింది. తరాలు గడిచాయి. పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల అరుగుల మీద ఆడవాళ్లు అల్లిన బల్లగుడ్డలూ, దిండు గలీబులూ సముద్రాలు దాటాయి. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడ ఉండి పరిశీలించి, 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. రోజులో గంటల తరబడి అల్లే ఆ స్త్రీలను గృహిణులుగానే చూశారనీ, వాళ్ల పనిని తీరికవేళ పనిగా లెక్కగట్టారనీ, అందుకే కూలి అంత తక్కువనీ ఆమె చూపించారు. దారమూ డిజైనూ ఏజెంటు తెస్తాడు, అల్లిన ముక్కలు తీసుకెళ్తాడు. ఒక ఇంట్లో చేతిపని, ఇంకో ఇంట్లో అతుకుపని. పువ్వు అల్లినామెకు ఆ పువ్వు ఏ గుడ్డలో చేరిందో తెలియదు. సూది ఆమె చేతిలో ఉన్నా, లెక్క ఆమెది కాకుండా పోయిన ఏర్పాటు అది. 2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషించాల్సిన విషయమే. కానీ ఆ గుర్తింపు ఊరి పేరుకు రక్షణ ఇస్తుంది, ఫలానా డిజైను ఫలానా ఆమెది అని చెప్పదు.

ఇక్కడే కొందరు మెల్లగా అంటారు, లేసుకు అలవాటుపడ్డ చేతులు బొమ్మల డిజైను ఎలా చేస్తాయి, అదంతా చదువుకున్నవాళ్ల పని అని. ఈ మాటను ఒప్పుకోలేను. లేసు అల్లేవాళ్లలో ఎంతోమంది కాగితం మీది గుర్తులతో కాక నమూనా ముక్కను కంటితో చదివి, కుట్లు లెక్కపెట్టి నేర్చుకున్నవాళ్లే. ఒక వస్తువును చూసి దాని లెక్క వెనక్కి రాబట్టడం డిజైనుకు మొదటి మెట్టు. బల్ల మీద ఉన్నది లేసు ముక్క అయితే చేయగలిగినవాళ్లు, వీధిలో నిలబడ్డది కుక్క అయితే ఎందుకు చేయలేరు? మిల్లీమీటరు కొక్కెం వాళ్ల చేతికి కొత్త కాదు, సన్నని దారం కొత్త కాదు, చుట్టుకు ఆరేసి పెంచడం అసలు కొత్త కాదు. ఊలు కోస్తా ఉక్కపోతలో చేతులకు అంటుకుంటుంది, అది నిజమైన ఇబ్బంది. కొనేవాళ్లు దొరకాలి, అదీ నిజమే. ఊలు కుక్కలు పల్లెలను పోషిస్తాయని నేను అనడం లేదు. అల్లిన కుక్క మెడలో ధర చీటీతోపాటు, లెక్క కట్టినామె పేరు కూడా ఉండాలంటున్నాను. కూలి అల్లికకూ, లెక్కకూ రెండింటికీ కట్టాలంటున్నాను.

ఏ కుక్కతో మొదలుపెట్టాలి? పుస్తకాల్లో లాబ్రడార్లూ పూడిల్సూ కావలసినన్ని ఉన్నాయి. మన జాతుల్లో రాజపాళయం, ముధోల్ వేటకుక్కలకు 2005లో తపాలా బిళ్లలు వచ్చాయి, అవి బాగుంటాయి. కానీ నేనైతే ఊరకుక్కను ఎంచుకుంటాను. అల్లడానికి అన్నిటికన్నా కష్టమైనది అదే కనుక. దాని బొచ్చు పొట్టిది, దువ్వి కప్పిపుచ్చడానికి వీల్లేదు, ప్రతి కుట్టూ బయటే ఉంటుంది. కోణంలా సన్నబడే తల, ఒంటికి మించి పొడుగు అనిపించే కాళ్లు, లోపలికి పోయిన పొట్ట. పొట్టవైపు తగ్గించే కుట్ల గురించి గ్రేహౌండ్ దగ్గర చెప్పుకున్న లెక్క ఇక్కడ ఇంకొంచెం నెమ్మదిగా నడవాలి, లేకపోతే వీధికుక్క వేటకుక్క అయిపోతుంది. వీపు మీదికి చుట్టుకున్న తోకకు తీగ అక్కర్లేదు. చైను అల్లి దాని ఒక అంచు వెంట మాత్రమే బిగువుగా కుట్లు వేస్తే తోక తనంతట తానే వంకీ తిరుగుతుంది. చెవులు నిటారుగా ఉన్న త్రికోణాలు, అడుగున 5 కుట్లు, పైకి పోయేకొద్దీ తగ్గి కొసకు 1. ఒక చెవి కొద్దిగా పక్కకు వాలితే ఇంకా బాగుంటుంది. ఊరకుక్క చెవిలో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, ఎక్కడ పట్టుకున్నారో అదే వీధిలో తిరిగి వదిలిన కుక్కకు గుర్తుగా చెవి అంచు కొద్దిగా కత్తిరిస్తారు. మన ఊళ్లలో అలాంటి చెవులు ఇప్పుడు చాలానే కనిపిస్తున్నాయి. ఒకటికి పన్నెండు కొలతలో ఆ కత్తిరింపు సుమారు ఒక మిల్లీమీటరు. కాబట్టి ఆ చెవి అల్లేటప్పుడు, కొసకు చేరబోయే వరసలో, ఒక్క కుట్టు వేయకుండా వదిలేయాలి.